వైఫై ఉన్న మదర్‌బోర్డు కొంటే లినక్స్‌లో పనిచేస్తుందా?

ప్రశ్న: కొత్త డెస్క్‌టాప్ నేనే అసెంబుల్ చేసుకుందామనుకుంటున్నాను. ప్రాసెసర్ ఏఎండీ రైజెన్, అది ఖాయం. లినక్స్ మింట్ వేసుకుంటాను, ఇంకో డిస్కులో విండోస్ కూడా ఉంచుకుంటాను. రౌటర్ కింద హాల్లో ఉంది, నా గది పైన. కేబుల్ లాగే వీలు లేదు. ఇప్పుడున్న కంప్యూటర్‌కు యూఎస్‌బీ వైఫై డాంగిల్ పెట్టి రెండేళ్లుగా అవస్థ పడుతున్నాను. కెర్నెల్ అప్‌డేట్ వచ్చిందంటే చాలు, నెట్ పోతుంది. ఈసారి వైఫై ఉన్న మదర్‌బోర్డే కొందామని చూస్తే అన్నింటిమీదా ‘వైఫై 6ఈ’, ‘వైఫై 7’ అని రాసి ఉంది తప్ప లినక్స్ గురించి ఒక్క ముక్క లేదు. ఇంటెల్ వైఫై ఉన్నదే కొనమని నా ఫ్రెండ్ అంటాడు. ఏఎండీ బోర్డులో ఇంటెల్ వైఫై ఎలా పనిచేస్తుంది? బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ కూడా వాడతాను. ఏ బోర్డు కొనమంటారు?

సమాధానం: ముందు మీ డాంగిల్ సంగతి చూద్దాం. ఆ రెండేళ్ల అవస్థకు కారణం తెలిస్తే బోర్డు ఎంచుకోవడం సగం తేలికవుతుంది.

లినక్స్‌లో వైఫై నడవాలంటే రెండు కావాలి. ఒకటి డ్రైవర్, అంటే చిప్‌తో మాట్లాడేందుకు లినక్స్ వాడే ప్రోగ్రామ్. రెండోది ఫర్మ్‌వేర్, అంటే చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ డ్రైవర్ ఆ ఫర్మ్‌వేర్‌ను డిస్కులోంచి తీసి చిప్‌లోకి ఎక్కిస్తుంది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీ డాంగిల్ డ్రైవర్ కెర్నెల్‌లో, అంటే లినక్స్‌కు గుండెలాంటి ప్రోగ్రామ్‌లో, లేదు. ఎవరో రాసిపెట్టిన సోర్స్‌కోడ్ తెచ్చుకుని డీకేఎంఎస్ అనే టూల్‌తో మీ మెషీన్‌లోనే కంపైల్ చేసుకుని ఉంటారు. కెర్నెల్ మారినప్పుడల్లా అది మళ్లీ కంపైల్ కావాలి. కొత్త కెర్నెల్‌లో లోపలి ఫంక్షన్ ఒక్కటి మారినా ఆ కంపైల్ మధ్యలో ఆగిపోతుంది, దాంతో నెట్ పోతుంది. నెట్ లేనిదే సరిచేసిన కోడ్ దింపుకోలేం. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే మరో చిక్కు, డిజిటల్ సంతకం లేని డ్రైవర్ మాడ్యూల్‌ను కెర్నెల్ లోపలికి రానివ్వదు. మీ వల్ల జరిగిన పొరపాటు ఇందులో ఏమీ లేదు. ఆ డ్రైవర్‌ను కెర్నెల్‌లో చేర్చేవరకు ఎవరు వాడినా ఇదే గతి.

అందుకే కొత్త బోర్డు చూసేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. దానిమీదున్న వైఫై చిప్ పేరేమిటి? ఆ చిప్ డ్రైవర్ నేను వేసుకోబోయే కెర్నెల్‌లో ఉందా? ఈ రెండింటికీ జవాబు దొరక్కుండా డబ్బు కట్టకండి.

వైఫై 6ఈ, వైఫై 7 అన్నవి ప్రమాణాల పేర్లు. ఒకే ప్రమాణానికి ఇంటెల్, మీడియాటెక్, రియల్‌టెక్, క్వాల్‌కామ్ అందరూ చిప్‌లు చేస్తారు, ఎవరి డ్రైవర్ వాళ్లదే. బోర్డు పేరు చివర ‘వైఫై’ అనో ‘ఏఎక్స్’ అనో ఉన్నా అంతే, చిప్ ఏదో దాన్నిబట్టి తెలియదు. మీరు బోర్డు పేరు అడిగారు కానీ నేను చెప్పకపోవడానికి కూడా కారణం ఇదే. ఒకే మోడల్‌కు రివిజన్ మారితే వైఫై కార్డు మారిపోతుంది. ఒక్కోసారి రివిజన్ కూడా మారకుండా, ఆ నెల ఏ కార్డు దొరికితే అది బిగించి పంపేస్తారు.

ఇది నాకు స్వయంగా తగిలిన దెబ్బ. ఒక స్నేహితుడి దగ్గర లినక్స్‌లో చక్కగా నడుస్తున్న బోర్డు చూసి, అక్షరం పొల్లుపోకుండా అదే మోడల్ తెప్పించుకున్నాను. రాత్రి కూర్చుని అన్నీ బిగించి లినక్స్ వేశాను. వైఫై జాబితా ఖాళీ. అతని బోర్డు, నా బోర్డు పక్కపక్కన పెట్టి చూస్తే అంగుళం అంగుళం ఒక్కటే. చివరికి బోర్డు మూలన, స్క్రూ రంధ్రం పక్కన, టార్చ్ వేస్తే తప్ప కనపడని తెల్లటి అక్షరాల్లో తేడా కనపడింది. అతనిది రివిజన్ 1.0, నాది 1.1. ఆ ఒక్క పాయింటుతో లోపల చిప్ వేరే కంపెనీది అయిపోయింది. దానికి డ్రైవర్ నా కెర్నెల్‌లో అప్పటికి ఇంకా రాలేదు.

ఇప్పుడు కొనేముందు చిప్ పేరు పట్టుకునే పద్ధతి చెప్తాను. బోర్డు తయారుచేసిన కంపెనీ సైట్‌లో ఆ మోడల్ స్పెసిఫికేషన్ పేజీ తెరిచి వైర్‌లెస్ అన్న చోట చూడండి. కొందరు చిప్ పేరు, ఏ రివిజన్‌కు ఏది అన్నది కూడా రాస్తారు, వాళ్లకు దండం పెట్టాలి. రాయకపోతే సపోర్ట్ పేజీలో విండోస్ డ్రైవర్ల జాబితాకు వెళ్లండి. అక్కడ వైఫై డ్రైవర్ ఎవరిదో పేరుతో సహా ఉంటుంది, ఎందుకంటే విండోస్ వాడేవాళ్లకు అది ఇవ్వక తప్పదు. ఒక్క కంపెనీ డ్రైవరే ఉంటే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. ఒకే బోర్డుకు రెండు మూడు కంపెనీల వైఫై డ్రైవర్లు కనిపిస్తే మాత్రం మీ చేతికి ఏది వస్తుందో చెప్పలేం అని అర్థం. అలాంటప్పుడు ఆ జాబితాలో అన్నిటికంటే తక్కువ సపోర్ట్ ఉన్న చిప్పే మీకు వస్తుందనుకుని నిర్ణయం తీసుకోండి.

ఇక చిప్‌ల సంగతి. మీ ఫ్రెండ్ చెప్పిన మాటలో నిజం ఉంది. ఇంటెల్ తన వైఫై డ్రైవర్‌ను తనే కెర్నెల్‌కు పంపుతుంది, ఫర్మ్‌వేర్ కూడా ఆలస్యం లేకుండా ఇస్తుంది. వైఫై 6 కార్డు ఏఎక్స్200కు 5.1 కెర్నెల్ నుంచి, వైఫై 6ఈ కార్డు ఏఎక్స్210కు 5.10 నుంచి సపోర్ట్ ఉంది. ఈ రెండూ మామూలు పీసీఐ ఎక్స్‌ప్రెస్ (అన్ని కంపెనీల బోర్డుల్లో ఉండే కనెక్షన్) కార్డులే, కాబట్టి ఏఎండీ బోర్డులోనూ నడుస్తాయి.

కానీ ఇంటెల్ పేరున్న ప్రతిదీ అలా కాదు, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఏఎక్స్201, ఏఎక్స్211 అన్నవి చూడ్డానికి అచ్చం ఏఎక్స్200, 210లాగే ఉంటాయి, స్లాట్‌లో కూర్చుంటాయి కూడా. అయితే వాటిలో ఉన్నది రేడియో భాగం మాత్రమే. వైఫైకి సంబంధించిన మిగతా పనంతా ఇంటెల్ చిప్‌సెట్ లేదా ప్రాసెసర్ లోపల జరుగుతుంది. ఆ ఏర్పాటును సీఎన్‌వీఐ అంటారు. ఏఎండీ బోర్డులో ఆ మిగతా సగం ఉండదు కాబట్టి ఆ కార్డు పెడితే ఏమీ కనపడదు. ఏఎక్స్ కార్డుల్లో చివరి అంకె 0 అయితే తీసుకోండి, 1 అయితే వదిలేయండి. మీ అవసరానికి ఈ గుర్తు చాలు. ఇంటెల్ వైఫై 7 కార్డు బీఈ200 ఉంది, అదీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డే. అయినా ఏఎండీ బోర్డుల్లో పెట్టి ఇబ్బంది పడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు దాని జోలికి పోకండి.

ఏఎండీ బోర్డుల్లో ఎక్కువగా కనిపించేది మీడియాటెక్. పెట్టె మీద ‘ఏఎండీ ఆర్‌జెడ్608’ అనో ‘ఆర్‌జెడ్616’ అనో ఉంటే కంగారు పడకండి, అవి మీడియాటెక్ చిప్‌లకే పెట్టిన ఏఎండీ పేర్లు. 608 అంటే ఎంటీ7921 కుటుంబం, ఆ కుటుంబానికి డ్రైవర్ 5.12 కెర్నెల్‌లో మొదలైంది. 616 అంటే ఎంటీ7922, ఆ చిప్‌కు డ్రైవర్ 5.16లో వచ్చింది. మింట్ 22 మొదటిసారి వచ్చిందే 6.8 కెర్నెల్‌తో కాబట్టి రెండింటికీ ఢోకా లేదు. నా దృష్టిలో మీలాంటివాళ్లకు ఎంటీ7922 ఉన్న బోర్డు చక్కగా సరిపోతుంది. మీరే హాట్‌స్పాట్ పెట్టి గదిలో మిగతా పరికరాలకు నెట్ పంచాలనుకుంటే ఇంటెల్ కంటే ఇదే నయం. ఇంటెల్ కార్డులు ఉన్న ప్రాంతం నిబంధనలను తామే గమనించి నడుచుకునేలా చేసినవి, అందుకే 5 గిగాహెర్ట్జ్‌లో హాట్‌స్పాట్ పెట్టబోతే సాధారణంగా ఒప్పుకోవు. 2.4లో మాత్రం పెట్టనిస్తాయి.

మీడియాటెక్ వైఫై 7 దగ్గర కాస్త ఆగి చూడాలి. ఎంటీ7925కు 6.7 కెర్నెల్ నుంచి డ్రైవర్ ఉంది, కాకపోతే మొదట్లో చాలా సవరణలు పడ్డాయి, కెర్నెల్ ఎంత కొత్తదైతే అంత నయం. ఎంటీ7927 కథ వేరు. అంకెలో తేడా రెండే, బోర్డుల మీదికి అది వచ్చి చాలాకాలం గడిచినా కెర్నెల్‌లో డ్రైవర్ లేక కొన్నవాళ్లు తలపట్టుకున్నారు. ఖరీదైన బోర్డుల్లోనే అది ఎక్కువగా ఉండటం ఇంకా బాధాకరం, ఎక్కువ డబ్బు పెట్టినవాళ్లకే నెట్ లేకుండా పోయింది. మీకు వైఫై 7 రౌటర్ లేనప్పుడు ఆ చిప్ కోసం డబ్బు పెట్టొద్దు. రౌటర్ పాతదైతే వైఫై 7 కార్డు కూడా పాత వేగంతోనే మాట్లాడుతుంది.

రియల్‌టెక్ పేరు వింటేనే లినక్స్ వాళ్లు ముఖం తిప్పుకునేవాళ్లు. ఇప్పుడు అంత అన్యాయంగా లేదు. కొత్త చిప్‌లకు డ్రైవర్లు కెర్నెల్‌లోకి వస్తున్నాయి, కాకపోతే ఆలస్యంగా. ఉదాహరణకు తక్కువ ధర బోర్డుల్లో ఉండే ఆర్‌టీఎల్8852బీఈ 6.2 కెర్నెల్‌లో చేరింది. డెబియన్ 12 అనే మరో లినక్స్ రకంలో ఉన్న కెర్నెల్ 6.1. ఒక్క మెట్టు తేడా, కానీ బ్యాక్‌పోర్ట్స్ (డెబియన్‌కు కొత్త ప్యాకేజీలు విడిగా ఇచ్చే చోటు) నుంచి కొత్త కెర్నెల్ తెచ్చుకునేదాకా డెబియన్ 12లో ఆ వైఫై లేదు. చిప్ మంచిదా చెడ్డదా అన్నది విడిగా తేలదు, మీ కెర్నెల్‌తో కలిపి చూస్తేనే తేలుతుంది. మీరు మింట్ 22 వేసుకుంటే ఆర్‌టీఎల్8852బీఈ నడుస్తుంది. ఎంచుకునే వీలుంటే నా ఓటు మాత్రం ఎంటీ7922కో ఏఎక్స్210కో. క్వాల్‌కామ్ వైఫై 7 చిప్ డబ్ల్యూసీఎన్7850 కూడా కొన్ని బోర్డుల మీద వస్తోంది, దానికి 6.3 నుంచి డ్రైవర్ ఉంది.

మీకు టెన్షన్ తగ్గించే మాట ఒకటి చెప్తాను. చాలా డెస్క్‌టాప్ బోర్డుల్లో వైఫై బోర్డుకు అతికించి ఉండదు. ఎం.2 స్లాట్‌లో గుచ్చిన చిన్న కార్డు అది, వెడల్పు 22, పొడవు 30 మిల్లీమీటర్లు. ఎస్ఎస్‌డీ స్లాట్‌ను ‘ఎం’ (M) కీ అంటారు, దీన్ని ‘ఈ’ (E) కీ అంటారు. గాడి ఉన్న చోటు వేరు కాబట్టి ఒకదాంట్లో ఇంకొకటి పట్టదు. అంటే బోర్డులో మిగతావన్నీ మీకు నచ్చి వైఫై ఒక్కటే నచ్చకపోతే బోర్డు వదులుకోనక్కర్లేదు, ఏఎక్స్210 కార్డు విడిగా కొని మార్చుకోవచ్చు. వైఫై లేని రకం బోర్డుల్లో కూడా కొన్నింటికి ఆ స్లాట్ ఖాళీగా ఇచ్చి ఉంచుతారు. మాన్యువల్‌లో బోర్డు బొమ్మ ఉన్న పేజీ చూస్తే తెలిసిపోతుంది. అలాంటి బోర్డు కొని కార్డు మీకు నచ్చింది వేసుకోవడమే నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి. యాంటెన్నా, దాని వైర్లు విడిగా కొనాలి, అంతే.

మార్చేటప్పుడు చేతికి కాస్త ఓపిక కావాలి. వెనక పోర్టుల దగ్గర చిన్న రేకు డబ్బాలాంటిది నిలువుగా ఉంటుంది, కార్డు సాధారణంగా దాని లోపలే. స్క్రూలు తీసి రేకు లాగితే కార్డు, దానిమీద గుండ్రటి బుడిపెలకు తగిలించిన రెండు సన్నటి వైర్లు కనపడతాయి. ఆ బుడిపెలు ఆవగింజకంటే కాస్త పెద్దవి, అంతే. వైరు పట్టుకుని లాగితే తెగుతుంది. వైరు కొన అంచు కింద గోరు పెట్టి నిటారుగా పైకి లేపాలి. కొత్త కార్డుకు తగిలించేటప్పుడు వైరు కొనను సరిగ్గా నడిమధ్యన ఆనించి, వేలితో నిలువుగా నొక్కితే ‘టిక్’ మని చిన్న చప్పుడు వస్తుంది. కొన సరిగ్గా మధ్యన ఆనిందని తెలిసేవరకు బలం పెట్టకండి. పక్కకు జారితే లోపలి సూది వంగిపోతుంది. నేను మొదటిసారి మార్చినప్పుడు రెండో వైరుకే పావుగంట పట్టింది.

ఈ కీ స్లాట్ అసలు లేని బోర్డు అయితే చిన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో పెట్టే అడాప్టర్ కార్డులు దొరుకుతాయి, వాటిమీద ఏఎక్స్210 బిగించి వస్తుంది. ఇక్కడ మీ బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ గురించి ఒక మాట. కార్డు ఒక్కటే అయినా అందులో వైఫై పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో, బ్లూటూత్ యూఎస్‌బీ దారిలో వెళ్తాయి. ఈ కీ స్లాట్‌లో రెండు దారులూ ఉంటాయి. అడాప్టర్‌తో అయితే దాంతోపాటు ఇచ్చే సన్నటి కేబుల్‌ను మదర్‌బోర్డు మీద తొమ్మిది పిన్నుల యూఎస్‌బీ 2.0 హెడర్‌కు తగిలించాలి. అది మర్చిపోతే వైఫై వస్తుంది, బ్లూటూత్ రాదు. లోపం లినక్స్‌దే అనుకుని రోజంతా వెతికినవాళ్లు ఉన్నారు. బోర్డులో అలాంటి హెడర్ ఖాళీగా ఉందో లేదో ముందే చూసుకోండి, క్యాబినెట్ ముందు పోర్టులకు ఒకటి పోతుంది.

కేబుల్ లాగే వీలు లేదన్నారు కాబట్టి ఈథర్‌నెట్ గురించి ఒక్క వాక్యం చాలు. రియల్‌టెక్ 2.5 గిగాబిట్ చిప్ ఆర్‌టీఎల్8125 కెర్నెల్‌లోని డ్రైవర్‌తోనే నడుస్తుంది, దాని గురించి దిగులు వద్దు.

కొనడం అయ్యాక మొదటి రోజు ఒక పని తప్పకుండా చేయండి. బోర్డు పెట్టె, కవర్లు పారేయకముందే, వాపసు గడువు ఉండగానే, మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా బూట్ చేసి చూడండి. వైఫై జాబితాలో మీ రౌటర్ కనిపించాలి. కనెక్ట్ అయి ఒక పెద్ద ఫైల్ దిగాలి, సస్పెండ్ చేసి లేపాక కూడా నెట్ ఉండాలి. హెడ్‌ఫోన్స్ కూడా అప్పుడే జత చేసి చూడండి. టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌ను ఎన్ఎన్‌కే ఆప్షన్‌తో నడిపితే నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరుస వస్తుంది. ఆ వరుస చివర బ్రాకెట్లలో రెండు కోడ్‌లు ఉంటాయి, మొదటిది కంపెనీది. 8086 అంటే ఇంటెల్, 14సీ3 అంటే మీడియాటెక్, 10ఈసీ అంటే రియల్‌టెక్. కింద ఏ డ్రైవర్ వాడుతోందో కూడా రాసి ఉంటుంది. ఆ డ్రైవర్ పేరు లేకపోతే సాధారణంగా కెర్నెల్ పాతదని అర్థం. డ్రైవర్ పేరు ఉండి కూడా వైఫై రాకపోతే అనుమానం ఫర్మ్‌వేర్ మీదికి పోవాలి. కెర్నెల్ సందేశాల్లో ఫర్మ్‌వేర్ ఫైల్ దొరకలేదని ఉందేమో చూడండి. లినక్స్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ అప్‌డేట్ చేసి మెషీన్ పూర్తిగా ఆపి ఆన్ చేస్తే చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది. ఈలోగా నెట్ కావాలంటే ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి, లినక్స్ దాన్ని వైర్ కనెక్షన్‌లాగా తీసుకుంటుంది. నా రివిజన్ 1.1 బోర్డును ఆ రాత్రి గట్టెక్కించింది అదే. ఫోన్ నెట్‌తో కొత్త కెర్నెల్ దింపి రీస్టార్ట్ చేశాక వైఫై జాబితా నిండింది.

విండోస్ కూడా ఉంచుకుంటానన్నారు కదా, అందులో ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ షట్‌డౌన్ చేసినా పూర్తిగా ఆగదు, వైఫై కార్డును సగం నిద్రలో వదిలేస్తుంది. ఆ తర్వాత లినక్స్‌లోకి వస్తే వైఫైయో బ్లూటూతో మాయమై ఉండొచ్చు. ఎప్పుడైనా అలా మాయమైతే కార్డు పోయిందని బెంగపడకండి. మెషీన్ ఆపి, వెనక పవర్ కేబుల్ పీకేసి, పవర్ బటన్ కొద్దిసేపు నొక్కిపట్టి, అర నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. చాలాసార్లు తిరిగి వచ్చేస్తుంది.

పై గది అన్నారు కాబట్టి యాంటెన్నా కూడా ముఖ్యమే. బోర్డుతో ఇచ్చిన యాంటెన్నాను క్యాబినెట్ వెనక బిగించి, దాన్ని టేబుల్ కిందకు తోసేస్తే ఒకవైపు గోడ, ఒకవైపు ఇనుప డబ్బా అడ్డం వస్తాయి. వైరు ఉన్న యాంటెన్నా అయితే టేబుల్ మీదికి తెచ్చి పెట్టుకోండి. యాంటెన్నా బిగించడం మర్చిపోయి సిగ్నల్ రావట్లేదని చిప్‌ను తిట్టుకున్న సందర్భాలు నేను చాలా చూశాను. కార్డుకు ఉన్న రెండు వైర్లూ తగిలించాలి, ఒక్కటే తగిలిస్తే వేగం పడిపోతుంది.

మీకు నచ్చిన బోర్డులు రెండో మూడో ఎంచుకుని, ఒక్కోదాని సపోర్ట్ పేజీలో కనిపించిన వైఫై డ్రైవర్ల పేర్లు, మాన్యువల్‌లో ఈ కీ స్లాట్ ఉందో లేదో రాసి పంపండి. వాటిలో ఏది తీసుకోవచ్చో చూసి చెప్తాను.